బండి మీద కొట్టిందెవరు

నా పికప్ బండి రోగాల పుణ్యమా అని మా కసామా పట్నంలో ముగ్గురు మెకానిక్‌లు ఇళ్ళు కట్టుకున్నారు. దాని ఎడమ తలుపు బయటినుంచి తెరుచుకోదు, లోపలున్నవాడు వంగి తియ్యాలి. స్టీరింగ్ ఎడమకి తిప్పితే హారన్ దానంతటదే మోగుతుంది. ట్యాంకు నిండా పోసినా, ఖాళీ అయినా ముల్లు సగం దగ్గరే ఉంటుంది. ఎత్తు ఎక్కితే రేడియేటర్ కుతకుతలాడుతుంది. వీటన్నిటితో కాపురం అలవాటైపోయింది. అలవాటు కానిది ఆ చప్పుడొక్కటే.

టక్ టక్. కాసేపాగి మళ్ళీ టక్ టక్. మా వైపు పికప్ వెనక ఎక్కినవాళ్ళు దిగాలంటే క్యాబిన్ మీద రెండు దెబ్బలు కొడతారు, డ్రైవర్ ఆపుతాడు. నా బండి అచ్చం అలాగే కొట్టుకుంటుంది. ఆపి దిగితే, "ఏంటి చిలెక్వా, ఎందుకాపావు?" అని వెనకవాళ్ళు నన్నే అడుగుతారు. ఒక మెకానిక్ బేరింగ్ అన్నాడు. రెండోవాడు స్ప్రింగ్ పట్టీల బుష్ అన్నాడు. మూడోవాడు బండి కింద దూరి చాలాసేపు ఉండి బయటికొచ్చి, "నీకు శత్రువులెవరన్నా ఉన్నారా?" అన్నాడు. శత్రువుల్ని తప్ప అన్నీ మార్పించాను. చప్పుడు పోలేదు.

అలాంటి బండిలో మా అత్తగారిని తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ అన్న పోయాడు. తండ్రి లేని ఆవిణ్ణి చిన్నప్పటినుంచి పెంచింది ఆయనే. లువింగు పట్నానికి పోయే దారిలో ఉన్న వాళ్ళ ఊళ్ళో ఆ మధ్యాహ్నమే పూడుస్తారు. శవపెట్టె మూత పడేలోగా అన్న ముఖం చూడాలి, ఆవిడకి అంతకుమించి ఏమీ వద్దు. నా భార్య మ్వాబా ముందురోజే అక్కడికి వెళ్ళిపోయింది.

చిక్కేమిటంటే, అల్లుణ్ణి ఇంట్లోకి పిలిచే విందు నాకింకా జరగలేదు. మా ఆచారం ప్రకారం అది జరిగేదాకా అత్తా అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూడకూడదు, మాట్లాడుకోకూడదు. ఆ విందు పెట్టించాల్సింది మ్వాబా మేనమామ, అంటే ఇప్పుడు పోయినాయనే. "వచ్చే పంటకి చూద్దాం" అంటూ ఎన్నో పంటలు దాటించాడు. ఇక ముందు సీట్లో నా పక్కన ఆవిణ్ణి ఎలా కూర్చోబెడతాను? ఇంట్లో ఉన్న చేతుల కుర్చీ తెచ్చి బండి వెనక తాళ్ళతో కట్టాను. ఆవిడ క్యాబిన్‌కి వీపు ఆనించి కూర్చుంది. ఒళ్ళో చావింటికి ఇవ్వాల్సిన కోడి.

ఊరు దాటామో లేదో టక్ టక్. బండే అనుకుని పోనిస్తే, నిజంగా ఆవిడే కొట్టి ఉంటే? అత్తగారు కొట్టినా ఆపని అల్లుడికి ఆ విందు ఈ జన్మలో దక్కదు. ఆపి దిగాను. ముఖం మొక్కజొన్న చేల వైపు తిప్పుకుని కోడితో మాట్లాడాను.

"కోడమ్మా, పెద్దావిడకి ఏమన్నా కావాలేమో అడుగు."

ఆవిడ కూడా కోడితోనే అంది. "నాకేం వద్దని చెప్పవే. ఆయనకే ఏమన్నా కావాలేమో కనుక్కో."

నాకేం కావాలి? అర్థం కాక బండెక్కాను. కొంతదూరం పోయాక మళ్ళీ టక్ టక్, మళ్ళీ ఆపడం, మళ్ళీ కోడి. పొద్దు నడినెత్తికొచ్చింది. ఇంకోసారి ఆపేసరికి ఆవిడ గొంతులో ఏడుపూ కోపమూ కలిసిపోయాయి.

"కోడీ, కొట్టేదీ తనే, ఆపేదీ తనే. ఏం చెప్పాలనుందో చెప్పి తగలడమను. అక్కడ మూతకి మేకులు కొట్టేస్తారు."

అప్పటికి నా మట్టిబుర్రకి తట్టింది. క్యాబిన్‌లోంచి ఆవిడ వీపు వెనక నేనే కొడుతున్నాననుకుంటోంది.

"నేను కాదని చెప్పు కోడీ. కొట్టేది బండి."

"బండికి చేతులెప్పుడు మొలిచాయట? ఇక ఎవరు కొట్టినా ఆపొద్దని చెప్పు."

ఆవిడ మాట జవదాటలేదు. టక్ టక్ మంటున్నా పోనిచ్చాను. దారిలో గతుకులు పెరిగాయి, చప్పుడూ పెరిగింది. రెండు దెబ్బలు కాస్తా నాలుగయ్యాయి, తరవాత డప్పు వాయించినట్టు ఒకటే మోత. బేరింగన్నవాడే నిజం చెప్పాడు, చక్రం ఊడేలోగా చేరితే చాలు అనుకుని ఇంకా తొక్కాను.

ఇంతలో కిటికీలోంచి కోడి లోపలికొచ్చింది. రెక్కలు ముఖాన కొడుతూ నా ఒళ్ళో పడి గోల పెట్టింది. బ్రేకు తొక్కి తల బయట పెట్టాను. చూడకూడదని మరిచిపోయి ఆవిడ వైపే చూశాను. ఆవిడ కుర్చీలోంచి లేచి, కట్టిన తాడు పట్టుకుని, వెనక్కి వేలు చూపిస్తోంది. శ్మశానానికి తిరిగే దారి ఎప్పుడో దాటేశాను. ఆ డప్పు మోత ఆవిడదే. సిగ్గుతో చచ్చిపోయాను.

బండి వెనక్కి మళ్ళించి, ఆ దారిలోకి స్టీరింగ్ ఎడమకి తిప్పాను. హారన్ అందుకుంది. మలుపు తరవాత మలుపు, అన్నీ ఎడమకే. చెట్ల మధ్య జనం పాడుతున్న పాట ఆగిపోయింది. మేకులూ సుత్తీ చేతుల్లో పట్టుకుని నిలబడ్డవాళ్ళు, చావు దగ్గర ఇలా మోగించుకొచ్చే బుద్ధిలేనివాడెవడా అని మా వైపు తిరిగారు. అలా తిరిగినంతసేపూ సుత్తి గాలిలోనే ఉంది.

మ్వాబా పరిగెత్తుకొచ్చి వాళ్ళమ్మని దింపింది. జనం దారిచ్చారు. మూత పక్కకి జరిపారు. నేను బండి దగ్గరే ఉండిపోయాను. ఆవిడ ఏడుపు మాత్రం వినిపించింది.

దుఃఖం రోజులు ముగిశాక ఆవిణ్ణి తీసుకురావడానికి మళ్ళీ వెళ్ళాను. మ్వాబా ఇంకొన్నాళ్ళు ఉంటానంది. అదే కుర్చీ, అవే తాళ్ళు. కోడి మాత్రం ఎప్పుడో కుండలోకి పోయింది. దారంతా బండి టక్ టక్ అంటూనే ఉంది, వెనక మనిషి కొడుతోందో బండి కొడుతోందో నాకు తెలియలేదు. ఆపితే తప్పు, ఆపకపోతే తప్పు. ఎత్తు మీద రేడియేటర్ పొంగడంతో ఆ బాధ తప్పింది. ఇంజను కట్టేసి, చల్లారేదాకా లోపలే కూర్చున్నాను.

టక్ టక్.

తాళంచెవి నా చేతిలో ఉంది. ఇంజను ఆగి ఉంది. ఈసారి బండి కాదు. మరి ఎవరితో మాట్లాడను? కోడి లేదే.

వెనక దిగిన చప్పుడైంది. ఎడమ తలుపు పక్కన ఆవిడ గుడ్డ అంచు కనిపించింది. పిడి లాగింది. తలుపు రాలేదు. మళ్ళీ లాగింది. ఆ తలుపు సంగతి ఆవిడకేం తెలుసు? నేను వంగి లోపలినుంచి తీశాను.

ఆవిడ ఎక్కి, కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది. అటే చూస్తూ అంది.

"విందు పెట్టేవాడు పోయాడు. పోయినవాణ్ణి చూపించావు, బాబూ. ఈ పంటకి నేనే పెడతాను. నడుపు."

బండి కదిలించాను. ఎత్తు దిగుతుండగా టక్ టక్. ఆవిడ చప్పున తిరిగి నా చేతుల వైపు చూసింది. రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. నేను ఆవిడ చేతుల వైపు చూశాను. రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

"నువ్వు కాదా?"

"కాదమ్మా."

"మరి ఎవరు?"

"ఏమోనమ్మా. నాకూ తెలీదు."