దేవిక నీళ్లు తాగని పూట

పొద్దుగాల పాల ప్యాకెట్లకు పోయినప్పుడే దేవిక బడి సారు గొంతు తెచ్చుకుంటది. సారు నోట్ల బ్రష్షుతోని గేటు కాడ నిలబడి ఉంటడు. దేవిక ఆయన మొఖం దిక్కు సూటిగ చూస్తది, అంతే. గల్లీలకొచ్చి "ఏందిరా, ఇంక లేవలే?" అని సారు గొంతుతోని ఒక్క కేక పెడ్తే, పోరగాండ్లు దుప్పట్లు గుంజి పడేసి నల్లా కాడికి ఉరుకుతరు. గొంతు దేవిక కాడ ఉన్నంతసేపు సారుకు మాట రాదు. నోట్ల నురగతోని తలకాయ ఊపుకుంట నిలబడ్తడు. దేవిక ఇంట్లకు పోయి గుక్కెడు నీళ్లు తాగంగనే ఎవలి గొంతు వాళ్లకు మర్లిపోతది.

ఆ గల్లీకి ఇదేం కొత్త ముచ్చట గాదు. పక్కింటి మహబూబున్నీసా అయితే, "మా బాబా మియా గొంతు జర తీస్కపో దేవికా. జుమ్మా నమాజు దాక ఉంచుకో, నా చెవులకు ఆరాం ఉంటది" అంటది. ఆమె పెనిమిటి బాబా మియా కూడ నవ్వుతడు.

ఉత్తప్పుడు దేవిక మాట్లాడే మనిషి గాదు. కూరగాయల బండి కాడ బేరం చెయ్యాలన్నా సిగ్గే. గని ఎవలింట్ల ఫంక్షన్ అయినా ఆడోళ్లు ఆమెను వదలరు. కుర్చీలాట, చెంచల నిమ్మకాయ పెట్టుకొని నడిచుడు, అంతాక్షరి అన్నీ అయినంక, ఆఖరికి దేవిక గొంతులు. మంది గొంతుతోని మాట్లాడేటప్పుడు ఆమెకు సిగ్గు యాదికే రాదు.

ఒక్క గొంతు మాత్రం ఎన్నడు తియ్యలే. పెనిమిటి అన్న, కర్ణాకర్ బావది. బావ ముంగట తమ్ముని భార్య తలకాయ ఎత్తద్దు, మాట కలపద్దు. ఆయన ముందటింట్లకు వస్తే ఈమె వంటింట్లకు పోవాలె. పెండ్లయి వచ్చినప్పటి సంది ఆయన చెప్పులు, ప్యాంటు అంచులు చూసుడే గని మొఖం సరిగ్గ చూడలే. బావకు మీసం ఉన్నదా అని అడిగితే దేవిక ఆలోచించి చెప్పాలె.

ఆ ఆదివారం బావ బిడ్డకు తొలిసారి చీరె కట్టే ఫంక్షన్. హాలు నిండ చుట్టాలు, బగారా అన్నం వాసన. చేతులు కడిగే కాడ ఆడబిడ్డ సుచిత్ర దేవిక కొంగు పట్టుకున్నది.

"వదినా, నా బ్యాగు వాళ్ల కార్ల పెట్టిన్రు."

సుచిత్ర కర్ణాకర్ చెల్లె, ఆ ఇంటి చిన్నబిడ్డ. బెజ్జంకి ఊర్ల హరీశ్‌కు ఇచ్చి పెండ్లి చేసిన్రు. వాడు కొట్టిన దెబ్బకు ఎడమ చెవి వినపడకుంట పోయింది. పుట్టింటికి వచ్చి, బట్టల దుకాణంల చీరెలు చూపెట్టే పనికి పోతున్నది. ఇప్పుడు హరీశ్, వాని తండ్రి సిద్ధయ్య ఆమెను తోల్కపోనీకి వచ్చిన్రు. "ఉత్తగ తీస్కపోతే మళ్ల ఉరికొస్తది. ఇంటి పెద్ద నలుగుట్ల నిలబడి 'తీస్కపోండ్రి' అనాలె" అని సిద్ధయ్య పట్టు. కర్ణాకర్ సరేనన్నడు. భోజనాలకు ముందు మైకులనే చెప్తనన్నడు.

"నిన్నెవలన్న అడిగిన్రా?" అన్నది దేవిక మెల్లగ.

"నన్నేం అడుగుతరు వదినా? అన్న మాటిచ్చిండట."

గింతల స్టేజీ మీంచి మహబూబున్నీసా మైకుల పిలిచింది. "ఆజావ్ దేవికా! ఇయ్యాల దొరికినవు, వదిలేది లేదు!"

మహబూబున్నీసా నీళ్ల సీసా పట్టుకొని పక్కకు నిలబడ్డది. దేవిక ముందుగాల ఫోటోలాయన గొంతు తీసింది. "జర దగ్గరికి జరుగున్రమ్మా, నవ్వున్రి. గట్ల గాదు, పెండ్లినాడు నవ్విన నవ్వు నవ్వున్రి!" మాట లేని ఫోటోలాయన రెండు చేతులు మొక్కిండు. దేవిక ఒక గుక్క తాగి వంటాయన గొంతు తీసింది. ఇంకో గుక్క తాగి మహబూబున్నీసా గొంతుతోని బాబా మియాను తిట్టింది. ఆడోళ్లు నవ్వలేక ఒకరి మీద ఒకరు పడ్తుంటే, దేవిక ఇంకో గుక్క తాగి ఆమె గొంతు ఆమెకిచ్చేసింది.

గప్పుడే కర్ణాకర్ స్టేజీ ఎక్కిండు.

"చాలు చాలు. ఆడోళ్ల ఆటలు ఇగ బంద్ పెట్టున్రి. నేనొక మాట చెప్పేదుంది."

ముంగటి వరుసల సిద్ధయ్య తువ్వాల సర్దుకొని లేచిండు. సుచిత్ర గోడకు ఆనుకున్నది.

దేవిక తలకాయ ఎత్తింది. చెప్పులు, ప్యాంటు, అంగి గుండీలు, మెడ. ఆడ జరసేపు ఆగింది. మళ్ల ఇంకింత ఎత్తి, రెండు కండ్లల్లకు సూటిగ చూసింది. బావకు మీసం ఉన్నది.

కర్ణాకర్ మైకు కాడ నోరు తెరిచిండు. ఉత్త గాలి వచ్చింది.

"నేనున్న గద! అంత నేను జూస్కుంట!" అని దేవిక నోట్లకెళ్లి బావ గొంతు మోగింది. ఆయన రోజూ అనే మాటనే. హాలంత చప్పట్లు కొట్టింది.

సిద్ధయ్య ఒక్కడే నవ్వలే. "నవ్వింది చాలు. ఆమెకు నీళ్లియ్యిన్రి. మాకు మాట కావాలె."

నీళ్ల సీసా వచ్చింది. దేవిక పెదవులు బిగబట్టింది. మజ్జిగ వచ్చింది, కూల్‌డ్రింకు వచ్చింది. పొద్దటి సంది పనితోని గొంతు పిడచ కట్టుకపోయినా ముట్టలే.

"ఆమెకు రోజా ఉపాసమున్నది భాయ్!" అని మహబూబున్నీసా సీసాలు అవుతలికి నూకింది.

"దేవికకు రోజా ఏందమ్మా?"

"నేను పట్టించిన. నీకేంది?"

ఆడోళ్లు ఒక్కొక్కరు లేచొచ్చి దేవిక చుట్టు నిలబడ్డరు. పెనిమిటి ఉరికొచ్చిండు. "అన్న ఇజ్జత్ పోతుంది, ఒక్క గుక్క తాగు దేవికా" అన్నడు. దేవిక అటు తిరగంగనే, "నా దిక్కు చూడకు!" అని చేతులతోని మొఖం మూసుకున్నడు. వెనకున్న మొగోళ్లు గూడ మొఖాలు పక్కకు తిప్పుకున్నరు.

సిద్ధయ్యకు యాష్ట వచ్చింది. "సరే. ఎవలి నోట్లె ఉంటేంది, కర్ణాకర్ గొంతు కర్ణాకర్ గొంతే. నువ్వే చెప్పమ్మా, 'తీస్కపోండ్రి' అని. మాకు గంతే చాలు."

పెద్దమనుషులు తలకాయలు ఊపిన్రు. కర్ణాకర్ గూడ చెప్పు చెప్పుమని చెయ్యి ఊపిండు.

దేవిక మైకు అందుకున్నది. 'పంపను' అందామని నోటిదాక వచ్చింది. గని అది గూడ సుచిత్ర మాట గాదు గద అనిపించింది.

"సుచిత్రను అడుగున్రి," అన్నది బావ గొంతుతోని, హాలు కొస దాక వినపడేటట్టు. "ఆమె ఏదంటే గదే ఈ ఇంటి మాట."

కర్ణాకర్ రెండు చేతులు అడ్డంగ ఊపిండు. ఎవలు పట్టించుకోలే. ఆయన మాట అందరు ఆయన గొంతుతోనే విన్నరాయె.

సుచిత్ర గోడ ఇడిసి ముంగటికొచ్చింది. మైకు తీసుకోలే.

"హరీశ్, నా ఎడమ చెవి తెచ్చినవా?"

హరీశ్ కింద చూసిండు.

"తెచ్చినప్పుడు వస్త. గప్పటిదాక రాను. పోయేటప్పుడు నా బ్యాగు దింపి పోన్రి."

మహబూబున్నీసా చప్పట్లు కొట్టింది. ఆమె ఎన్క ఆడోళ్లందరు కొట్టిన్రు. సిద్ధయ్య తువ్వాల దులిపి భుజం మీదేసుకొని, కొడుకును ఎంబడిపెట్టుకొని బయటికి నడిచిండు.

భోజనాలు మొదలైనయి. దేవిక బంతిల కూసున్నది. మటన్ కూర కారం గొంతుల మంట పెడ్తున్నా మెల్లగ తింటున్నది. కర్ణాకర్ తనే గిలాస నిండ నీళ్లు తెచ్చి ఆమె ముంగట నిలబడ్డడు.

దేవిక మొఖం ఎత్తి చూసింది. ఈసారి తడబడలే.

"కూసో బావా," అన్నది ఆయన గొంతుతోనే. "ఇంకా పెరుగన్నం తినలే. తిన్నంక తాగుత."

కర్ణాకర్ అటిటు చూసిండు. పక్క కుర్చీ గుంజుకొని, గిలాస ఒళ్లె పెట్టుకొని కూసున్నడు.