వెర్నర్ మీద అనుమానం

చలికాలంలో మా ఊరికి పండగ ఒక్కటే. సరస్సు గడ్డకట్టాక ఊరంతా మంచుకి కన్నాలు పెట్టుకుని చేపల పోటీకి కూర్చుంటుంది. ఆ క్లబ్బుకి నేను కార్యదర్శిని. అంటే కాఫీ కాచేదీ నేనే, తిట్లు తినేదీ నేనే.

చేపలు తూచే ప్రోగ్రాం మా వెర్నర్ సొంతంగా రాసింది. త్రాసు మీద చేప పెడితే కంప్యూటర్ బరువు చూసి వెర్నర్ గొంతుతో పలుకుతుంది. పెద్దదైతే "అబ్బో, నిజంగా నువ్వే పట్టావా?" అంటుంది. చిన్నదైతే "పాపం, దీన్ని వాళ్ళమ్మ దగ్గరికి పంపెయ్" అంటుంది. వెర్నర్ పోయాడు. ఆయన గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. అందుకే చేప వాసనంటేనే గిట్టని ఆయన భార్య ఆర్డిస్, ఏటా పోటీ రోజున వచ్చి త్రాసు పక్కన కుర్చీ వేసుకుంటుంది.

ఈసారి కంప్యూటర్ బాధ్యత వెర్నర్ మేనల్లుడు డ్వేన్ నెత్తికెత్తుకున్నాడు. వాడిది మామూలు జాగ్రత్త కాదు. ప్యాంటుకి బెల్టూ పెడతాడు, భుజాల మీదుగా పట్టీలూ వేస్తాడు. కంప్యూటర్‌కి ఒక యాంటీవైరస్ ఏం చాలుతుందని రెండు ఎక్కించాడు.

పోటీ రోజు పొద్దున్నే తెరిచి చూస్తే కంప్యూటర్ మూలుగుతోంది. కాపలాకి పెట్టినవి రెండూ ఒకదాన్నొకటి దొంగ అంటూ పట్టుకుని కూర్చున్నాయి. ఆ పూట నిజం వైరస్ వచ్చినా పలకరించే తీరిక వాటికి లేదు. అవి రెండూ ఒప్పుకున్నది ఒక్క విషయమే, వెర్నర్ ప్రోగ్రాం ప్రమాదకరమని. కారణం కూడా చూపించాయి. తయారుచేసిన మనిషెవరో తెలియదట, లోకంలో వాడేవాళ్ళు కూడా లేరట. మంచులో దిగబడ్డ మా ఊరి కార్లలో సగం వెర్నర్ లాగినవే. ఆయనెవరో తెలియదట! నాకు ఒళ్ళు మండింది.

మొదటి యాంటీవైరస్ వెర్నర్‌ని పట్టుకెళ్ళి కంప్యూటర్ లోపలే అనుమానితుల గదిలో పెట్టి తాళం వేసింది. రెండోది ఆ గదిలో తొంగిచూసి, ఇక్కడ వైరస్ ఉంది, పూర్తిగా చెరిపెయ్యనా అని అడుగుతోంది. డ్వేన్ వేలు మీట మీద ఉంది.

"ఆగరా!" అని అరిచాను.

"వైరస్ అంటోంది కదా రోలీ!"

"మీ మామరా అది!"

"మామే అనుకో. ఆయనకేదో అంటుకుని ఉండొచ్చుగా?"

ఆర్డిస్ కుర్చీలోంచి లేచింది. "ఒరేయ్ డ్వేన్, ఇంకో కాపీ ఉందా?"

"ఎందుకు లేదత్తా? భద్రంగా దాచాను."

"ఎక్కడ?"

వాడు మింగలేక కక్కలేక కంప్యూటర్ వైపు చూశాడు. "ఇందులోనే."

దాన్ని రెండోది పొద్దున్నే చెరిపేసిందని తెరమీద చూసుకున్నాం. ఇక మిగిలింది తాళం వేసిన ఆ గదిలో ఉన్నదొక్కటే. ఆర్డిస్ చేతి తొడుగు తీసి మళ్ళీ తొడుక్కుంది. అరిచినా బాగుండేది.

డ్వేన్‌ని కాఫీ దగ్గరికి తరిమి, ఇంటర్నెట్ తీగ పీకి, ముందు రెండోదాన్ని ఊడగొట్టాను. అది వెళ్తూ కూడా, నేను లేకపోతే మీకు రక్షణ లేదని బెదిరించింది. కంప్యూటర్ మళ్ళీ లేచేదాకా ఆర్డిస్, నేనూ తెర వైపే చూస్తూ కూర్చున్నాం. మొదటిదాని గది తెరిస్తే వెర్నర్ ప్రోగ్రాం చెక్కుచెదరకుండా ఉంది. బయటికి వదలమన్నాను. అప్పుడు తెరమీద ఓ ప్రశ్న వచ్చింది. నేను పైకి చదివాను.

"దీన్ని తయారుచేసిన వ్యక్తిని మీరు నమ్ముతున్నారా?"

ఆర్డిస్ ముక్కు తుడుచుకుంది. "చేపల సంగతిలో ఒక్కనాడూ నమ్మలేదు. ఏ చేపా అంత పొడుగుండదు. మిగతా అన్నిట్లోనూ నమ్మాను. నొక్కు."

నొక్కాను. ఆమె చేతి తొడుగు తీసి త్రాసు మీద పెట్టింది.

"పాపం, దీన్ని వాళ్ళమ్మ దగ్గరికి పంపెయ్," అన్నాడు వెర్నర్.

"మొదలెట్టాడు," అంది ఆర్డిస్. తొడుగు త్రాసు మీంచి తీసి, మళ్ళీ పెట్టింది.