కాకర పాదు కింద కొత్త జవాబు

నేను ఒక మౌస్‌ని. తోక ఉన్న పాతరకాన్ని. ఎక్కడో ఫ్యాక్టరీలో వేలమంది తోబుట్టువులతో పుట్టి, కొన్నాళ్లు ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పిల్లల చేత దెబ్బలు తిని, చివరికి కావలిలో వకుళమ్మ చేతికింద పడ్డాను. పడ్డాననడం తప్పు, కుదురుకున్నాను. ఆ చెయ్యి ఎప్పుడూ కాస్త మట్టివాసన వేసేది.

ఆవిడకు మిద్దెతోట పిచ్చి. పొద్దున్నే కుండీలకు నీళ్లు పోసి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకొని, కంప్యూటర్లో తనలాంటి వాళ్లంతా మాట్లాడుకునే ఫోరం తెరిచేది. అక్కడ చదవని జవాబులున్న చర్చ లావు అక్షరాల్లో కనిపిస్తుంది. ఎవరు కొత్తగా రాసినా ఆ చర్చ చూస్తుండగానే అన్నిటికంటే పైకి ఎక్కుతుంది. లావు అక్షరం ఒక్కటి మిగిలినా వకుళమ్మకు కాఫీ గొంతు దిగేది కాదు. తన మిద్దె మీద మల్లె వాడిపోతున్నా సరే, కరీంనగర్‌లో ఎవరి వంకాయకు పుచ్చు పట్టిందో తెలియాలి! మనుషులు ఇంతే. నాకు ముచ్చటేసేది.

అక్కడ ఆవిడకు అందరికంటే ఇష్టమైన నేస్తం విజయనగరం పైడిరాజు గారు. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు, కబుర్లకు మాత్రం అంతులేదు. ఆయన కాకర ఆకులు పసుపుబారుతుంటే పుల్లమజ్జిగ కొట్టమంది వకుళమ్మ. “మజ్జిగ అన్నంలోకమ్మా, ఆకుల్లోకి కాదు” అని రాశారాయన. నలుగురూ నవ్వు బొమ్మలు పెట్టారు. ఆవిడ మనసు చివుక్కుమంది. ఆ చర్చ మళ్లీ తెరవనని ఒట్టు పెట్టుకుంది.

అదేమో రోజూ పైనే ఉండేది. పైడిరాజు గారు రోజూ ఏదో రాస్తూనే ఉన్నారు. వకుళమ్మ నన్ను దాని దాకా తెచ్చి, ఆగి, పక్కకు లాగేసేది. ఇంకా ఎగతాళి చేస్తున్నాడనుకుంది పాపం. చివరికి ఒకనాడు భర్తతో, “ఈ మనిషి ఇంకా వదల్లా. నా పేరు తీసేసుకుంటా. నాకీ ఫోరమే వద్దు” అంది. అన్నది గానీ, పోయేముందు కొత్తవేమొచ్చాయో ఒక్కసారి చూడాలనిపించింది. పై వరసలో గుమ్మడి చర్చ ఉంది. నొక్కబోయేంతలో అవతల పైడిరాజు గారు మళ్లీ రాశారు కాబోలు, కాకర చర్చ వచ్చి గుమ్మడి నెత్తినెక్కింది. వేలు ఆగలేదు.

తెరుచుకుంది. ఎగతాళీ లేదు, పాడూ లేదు. వరసగా చిన్న చిన్న జవాబులు.

“అమ్మా, మజ్జిగ కొట్టేనండి. చూశారా?”

“కొత్తాకులు పచ్చగా వచ్చాయండి. తప్పు నాదే. చూశారా?”

“పూతొచ్చీసిందమ్మా. చూశారా?”

పనిలేకుండా చర్చను పైకి లేపొద్దని మధ్యలో ఎవరో ఆయన్ని కసిరారు కూడా. అన్నిటికంటే కిందిది అప్పుడే వచ్చింది: “మీరు చూసేవరకూ దీన్ని కిందికి పోనివ్వనండి.”

వకుళమ్మ నన్ను వదిలేసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత చాలాసేపు జవాబు రాసింది. రాసేటప్పుడు నాతో పనుండదు. పక్కనే పడి ఉన్నాను, హాయిగా.

ఇప్పుడు నా బొత్తాలు పనిచేయవు. నా చోటికి తోకలేని కొత్తది వచ్చింది. అయినా నన్ను పారేయడానికి వకుళమ్మకు చేతులు రాలేదు. విజయనగరం నుంచి పోస్టులో వచ్చిన కాకర గింజలు మొలిచి పాకుతుంటే, నా తోకతోనే తీగను పందిరి కర్రకు కట్టింది. నిన్న మొదటి పిందె పడింది. ఆవిడ ఫోన్‌తో ఫొటో తీసింది. పిందె పక్కన వేలాడుతూ నేనూ అందులో పడ్డాను. ఆవిడ అక్కడే నిలబడి ఫొటోను ఆ పాత చర్చలో పెట్టి, కింద ఒక్క మాట రాసి, పైకి చదువుకుంది.

“చూశారా?”