అద్దంలో కనబడే చోటు

గ్లెనిస్‌కి బండి ముందుకు నడపడంలో ఏ బెంగా లేదు. బెంగంతా వెనక్కి నడపడంతోనే. భర్త క్లైవ్ పోయాక, అతని కేరవాన్‌ని, అంటే లోపల పడకా వంటగదీ ఉన్న ఇంటి వ్యాన్‌ని, కారుకి తగిలించుకుని ఒంటరిగా ఈ బంగారు గనుల వైపు వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా వెనక్కి నడపలేదు. ఇటునుంచి వచ్చి అటునుంచి పోయే చోటు దొరికితే ఆగేది, లేకపోతే ఎంత అలసటగా ఉన్నా ముందు ఊరికి పోయేది. అలా ఎన్ని ఊళ్ళు చూడకుండానే దాటిపోయిందో!

చివరికి విసిగిపోయి, పొద్దున్నే అక్క వాల్మాకి ఫోన్ చేసింది. "నావల్ల కావట్లేదక్కా. వ్యాన్ అమ్మేస్తా."

"ఇప్పటికైనా బుద్ధొచ్చింది," అని వాల్మా అప్పటికప్పుడే ముందు ఊళ్ళో డెస్మండ్ అనే తెలిసినాయన్ని బేరానికి కుదిర్చింది. ఇక సాయంత్రానికి వ్యాన్ అతనికి అప్పగించి, ఉత్త కారుతో ఇంటికి తిరిగిపోవడమే మిగిలింది.

వాన వెలిసి ఎండ కాస్తోంది. రోడ్డు ఆరింది గానీ, రెండు పక్కలా ఎర్రమట్టి ఇంకా రొట్టెపిండిలా మెత్తగానే ఉంది. ఎదురుగా పసుపు దీపం వెలిగించుకుని ఓ చిన్న ట్రక్కు వచ్చి ఆగింది. దారిలో బళ్ళవాళ్ళు మాట్లాడుకునే రేడియో కారులో గరగరలాడింది.

"ఓ తెల్ల కేరవాన్ అక్కా, వినబడుతోందా? నేను రాయలీన్‌ని, నీ ఎదుటి ట్రక్కులో ఉన్నా. నా వెనకాల గని లారీకి బిగించే పెద్ద తొట్టి వస్తోంది. రోడ్డంతా అదే ఉంటుంది. కాస్త పక్కకి తప్పుకో."

"ఎక్కడికి తప్పుకోను తల్లీ? పక్కకి దిగితే ఇరుసుదాకా కూరుకుపోతాను."

"అదీ నిజమే. అయితే వెనక్కి పో. లారీలు ఆగే చోటు ఇప్పుడేగా దాటొచ్చావ్."

గ్లెనిస్ అద్దంలోకి చూసింది. "నాకు వెనక్కి నడపడం రాదు."

రేడియోలో ఇంకో గొంతు దూరింది. తొట్టిని మోసుకొస్తున్న లారీ డ్రైవర్ కెల్విన్ అది. "నాకూ కాపురం చెయ్యడం రాదక్కా. అయినా మూడు పెళ్ళిళ్ళు చేసుకున్నా. కానియ్, కానియ్!"

"నువ్వు నోర్మూసుకుని మెల్లగా రా కెల్విన్," అంది రాయలీన్.

గ్లెనిస్ గేరు మార్చింది. స్టీరింగ్ చక్రం ఎడమకి తిప్పితే వ్యాన్ కుడికి పోయింది. కంగారుగా ఇటు తిప్పేసరికి కారూ వ్యానూ మడత కత్తిలా ముడుచుకున్నాయి. ఆపేసింది. రాయలీన్ నారింజ రంగు చొక్కాతో నడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది.

"దిగు అక్కా. నేను పెట్టేస్తా. నాకిది చిటికెలో పని."

గ్లెనిస్ తలుపు తీయబోయింది. దిగితే సరిపోయేది. కానీ దిగితే ఇక వ్యాన్ డెస్మండ్‌దే. చేయి వెనక్కి తీసుకుంది.

"నన్నే పెట్టనీ. నువ్వు వెనకాల నిలబడు."

రాయలీన్ తల ఊపింది. "సరే. ముందుకెళ్ళి బండి తిన్నగా చేసుకో. తర్వాత స్టీరింగ్ చక్రం అడుగున పట్టుకో. వ్యాన్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. అంతకన్నా ఏం లేదు."

ఈసారి వ్యాన్ చెప్పిన మాట విన్నట్టే కదిలింది. కొంత దూరం పోయాక అద్దంలో రాయలీన్ కనబడలేదు. గ్లెనిస్ గబుక్కున ఆపి కేకేసింది.

"ఎక్కడున్నావ్?"

"ఇక్కడే చస్తున్నా! చేతులూపుతున్నానుగా, కళ్ళు కనబడవా?"

గ్లెనిస్ ఉలిక్కిపడింది. ఆ మాట తనదే. ముప్ఫై ఏళ్ళపాటు కేరవాన్లు నిలిపే ప్రతి పార్కులోనూ వ్యాన్ వెనకాల నిలబడి, కుర్చీలు వేసుకుని వేడుక చూసే జనం ముందు, క్లైవ్‌ని అలాగే కేకలేసింది. "నువ్వు నాకు కనబడటం లేదే!" అని అతను మొత్తుకునేవాడు. వంకలు చెబుతున్నాడనుకునేది. ఇప్పుడు అద్దంలో తెల్లటి వ్యాన్ గోడా, దాని పక్కన కాస్త ఆకాశమూ తప్ప ఏమీ లేవు.

"నిజంగానే కనబడేదాన్ని కాదన్నమాట," అనుకుంది. ఎందుకో నవ్వొచ్చింది. తల కిటికీలోంచి బయటపెట్టి అరిచింది.

"పక్కకి రా తల్లీ! అద్దంలో నాకు కనబడే చోట నిలబడు!"

అద్దం అంచున నారింజ చొక్కా ప్రత్యక్షమైంది. గ్లెనిస్ దాన్నే చూస్తూ, చక్రం అడుగున చెయ్యి కొంచెం కొంచెంగా జరుపుతూ పోయింది. వ్యాన్ లారీల చోట్లోకి చేరింది.

తొట్టి ఓ ఇల్లు కదిలినట్టు ముందునుంచి పోయింది. కెల్విన్ పలకరింపుగా స్టీరింగ్ మీంచి ఒక్క వేలు ఎత్తి, రేడియోలో అన్నాడు. "రెండోసారికే కుదిరింది నీకు. నాకు మూడోది కూడా నిలబడలేదు!"

ఊళ్ళో డెస్మండ్ పెట్రోలు బంకు ముందు బల్లమీద కూర్చుని ఉన్నాడు. గ్లెనిస్ దిగుతూనే, "వ్యాన్ అమ్మట్లేదండీ," అంది.

"అదేంటి? అమ్ముతుందని మీ అక్క చెప్పిందే! పొద్దున్నుంచీ కూచున్నా."

"పొద్దునైతే అమ్మేదాన్నే. మిమ్మల్ని కూచోబెట్టినందుకు బీరు కొనిపెడతా."

డెస్మండ్ వ్యాన్ వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. "రెండు," అన్నాడు.

ఊళ్ళోని కేరవాన్ పార్కులో వెనక్కి నడిపి పెట్టుకునే చోటు ఒక్కటే మిగిలింది. ఎవరో కుర్చీ బయటికి లాక్కున్న చప్పుడైంది. గ్లెనిస్ తీరిగ్గా, మూడుసార్లు ముందుకీ వెనక్కీ పోయి పెట్టింది. వ్యాన్ కాస్త వంకరగానే నిలబడింది. దిగి చూసి, దాన్ని అలాగే ఉంచేసి, టీకి నీళ్ళు పెట్టుకుంది.