మేస్త్రీకి చెప్పాల్సిన మాట

"ఆ గోడకి చేసే సేవలో సగం ఈ ఇంటికి చేస్తే ఎప్పుడో బాగుపడేవాళ్ళం" అంది అత్తగారు, పొయ్యి దగ్గరున్న కోడలికి వినపడేలా.

కోడలు భర్త ముందు టీ గ్లాసు పెట్టి, ఆ రోజు మేస్త్రీకి చెప్పాల్సిన మాటలు మొదలుపెట్టింది. ముందువైపు గోడ మీద కప్పిన తడిగోనెలు తీయొద్దు. ఎండెక్కాక ఇంకోసారి తడపాలి. భర్త ఫోన్ చెవికి పెట్టుకుని ఒక్కో ముక్కా అందించాడు. మధ్యలో ఫోన్ పక్కకి తిప్పి, "ఎందుకని అడుగుతున్నాడు" అన్నాడు.

"సున్నం తొందరగా ఆరితే పగులుతుంది."

"సున్నం తొందరగా ఆరితే పగులుతుందయ్యా, ఆ మాత్రం తెలీదా?" అన్నాడు భర్త ఫోన్‌లో.

ఏడాదిగా ఇదే వరస. నడిబజారులో, నాలుగు రోడ్లు కలిసేచోట, మామగారి తాత కట్టించిన బట్టల కొట్టుంది. రెండంతస్తులు, చెక్క బాల్కనీ, కిటికీల మీద సున్నపు గారతో మలిచిన లతలు. కూలగొట్టి అద్దాల మేడ లేపుదామని ఇంట్లో అందరూ అన్నప్పుడు, వద్దు, దీన్నే నిలబెడతానన్నది ఆమె. పెళ్ళికి ముందు ఆమె ఉద్యోగం అదే, పాత కట్టడాలను బాగుచేయడం. "చదువుకున్న కోడలివి, బయట ఎవరికో ఎందుకమ్మా చాకిరీ? మనింట్లోనే బోలెడంత పని" అని మామగారు మాన్పించారు. ఆ మాట మర్యాదగానే అన్నారు. అందుకే అందులో జీతం ఊసు లేదని ఆమెకు చాలాకాలం తట్టలేదు. తీరా పని మొదలయ్యాక భర్త, "పరంజాల మధ్య నువ్వు నిలబడి అరుస్తుంటే బజారంతా వేడుక చూస్తుంది. నాకు చెప్పు, నేను చెప్తాను" అన్నాడు. సరేనంది. పనివాళ్ళు ఇళ్ళకు వెళ్ళాక వెళ్ళి, గోడను వేలితో తట్టి చూసుకుని, బోలుగా మోగినచోట గార వదిలిందని గుర్తుపెట్టుకుని వచ్చేది. తెల్లారి అది భర్త మాటగా మేస్త్రీకి చేరేది.

మొన్న పేపరువాళ్ళు వచ్చారు. "పాత సున్నపు గోడకి సిమెంటు పూయడమంటే తడి ఒంటి మీద రెయిన్‌కోటు తొడగడమే, గోడకి ఊపిరాడదు" అని భర్త వాళ్ళకు వివరించాడు. అంతకుముందు రోజు ఆమె అన్న మాట, అదే పోలిక. ఫొటో తీసేటప్పుడు "మేడమ్, కొంచెం పక్కకి" అన్నారు. ఆమె చేతిలో టీ ట్రే ఉంది. పక్కకి జరిగింది.

కొట్టు ఓపెనింగ్ దగ్గరపడింది, ఈ రోజు ఆమెకు కాలు నిలవడం లేదు. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. భర్త గుమ్మం దాటుతూ ఇంకోసారి ఫోన్ చేశాడు. గిన్నెల చప్పుడులో "మచ్చలు కనపడకుండా మూసేయ్" అన్నది మాత్రం వినపడింది. మూసేయమని ఆమె చెప్పలేదు. పొయ్యి ఆర్పి చెప్పులేసుకుంది.

"ఎక్కడికే అమ్మాయ్? వంటో?"

"సగం అయింది అత్తయ్యా. మిగతా సగం మీరు చూడండి."

ఆమె వెళ్ళేసరికి గోనెలు కింద కుప్పగా పడున్నాయి. మేస్త్రీ పరంజా మీద నిలబడి కిటికీ కింద సిమెంటు పూస్తున్నాడు.

"ఆపండి మేస్త్రీ."

"సార్ చెప్పారమ్మా. ఓపెనింగ్‌కి వచ్చేవాళ్ళకి తడిమచ్చలు కనపడకూడదంట. సార్‌తో ఒక మాట చెప్పించండి, ఆపేస్తా."

భర్తకి ఫోన్ చేసింది. "రెయిన్‌కోటని మీరే కదండీ చెప్పారు?"

"అది పేపరుకి. వచ్చేవాళ్ళు గోడ చూస్తారా, దాని ఊపిరి చూస్తారా? ఊడినప్పుడు చూద్దాంలే. బజార్లో పరువు తీయకుండా ఇంటికెళ్ళు."

ఊడినప్పుడు సిమెంటొక్కటే ఊడదు. వెనక తడి ఎటూ పోలేక సున్నం పిండి అవుతుంది, లతలు పెళ్ళలుగా రాలతాయి. బిగుసుకున్నాక గీకినా అంతే, కింద గార ఊడొస్తుంది. చేయగలిగేది ఇప్పుడే, పచ్చిగా ఉండగానే. చెప్పులు విప్పి పరంజా ఎక్కింది. మేస్త్రీ సంచిలో ఉన్న తాపీ తీసుకుని, కిటికీ కింది నుంచి సిమెంటు గీకడం మొదలుపెట్టింది. ఎదురుగా టీకొట్టు దగ్గర మాటలాగాయి. ఎవరో నవ్వారు. తాపీ కింద గార చెదరలేదు.

మేస్త్రీ ఆమె చేతినే చూస్తూ అన్నాడు.

"సార్ ఫోన్‌లో చెప్పేటప్పుడు వెనకాల గిన్నెల చప్పుడొచ్చేదమ్మా. చప్పుడాగితే ఎవరో మాట్లాడేవాళ్ళు, ఆ తర్వాతే సార్ నోరు తెరిచేవారు. ఎవరి మాటో మాకు తెలీదంటారా?"

"తెలిసీ ఇన్నాళ్ళూ ఎందుకూరుకున్నారు?"

"మీరే ఊరుకున్నారు గదమ్మా."

ఆమె మళ్ళీ గీకడంలో పడింది. మేస్త్రీ తన తాపీ కడుక్కుని అటు చివర నుంచి గీకుతూ వచ్చాడు. పొద్దు వాలేసరికి గోడ మళ్ళీ మచ్చలతో, తడిగోనెల కింద ఉంది. ఇంట్లో ఆ పూట ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. ఆమె కడుపునిండా తిని పడుకుంది.

మర్నాడు టీ వేళకు ఆమె పరంజా మీదే ఉంది. గోనెల మీద నీళ్ళు చిలకరిస్తుంటే మేస్త్రీ ఫోన్ మోగింది. విని, ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్ ఫోనమ్మా. ఇవాళ సార్ నాకేం చెప్పాలో, మిమ్మల్ని అడిగి తనకి చెప్పమంటున్నారు."

ఆమె చెంబు మళ్ళీ బకెట్లో ముంచింది.

"చెప్పడానికేమీ లేదనండి. అడగాలంటే ఇక్కడికి రమ్మనండి."