అరువు ఆకులు

నేను ఒక ముళ్ల పొదను. పేరు ఫ్లవరింగ్ క్విన్స్. లంబసింగిలో ఆ పేరు పలికినవాడు లేడు, ‘ఎండుకట్టె’ అనడమే వాళ్లకు తేలిక.

నీలగిరుల నర్సరీలో పుట్టాను. లారీలో వస్తుంటే డ్రైవరు నా కొమ్మలమీదే తడి తువ్వాలు ఆరేశాడు. చివరికి ఈ అతిథి గృహం తోటలో దిగాను. నా నేరమల్లా ఒకటే. జనవరి చలిలో, ఆకు పుట్టకముందే ఎర్రగా పూస్తాను.

మేనేజరు చక్రధరానికి అది తెలియదు. నన్ను నాటిన తోటమాలి పాంగి సోమన్నను పిలిచాడు.

“సోమవారం తనిఖీ. ఆలోగా దీనికి ఆకులు రాకపోతే దీన్నీ, నిన్నూ ఒకేసారి పీకేస్తా.”

“ముందు పువ్వు, ఎనకాల ఆకు బాబూ. దీని తీరే అంత.”

“ఆకు లేకుండా పువ్వేంటయ్యా? నాకు చెబుతావా!”

సోమన్నకు పదహారేళ్ల ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నం స్టోరు గదిలోంచి వినాయక చవితి పందిరి ప్లాస్టిక్ ఆకులు తెచ్చి, దారంతో నాకు కట్టాడు. ముళ్లు గుచ్చుకున్నా ఒక్క కొమ్మనూ వదల్లేదు.

తెల్లారేసరికి నా మొగ్గలు విచ్చుకున్నాయి!

తనిఖీకి వచ్చిన హైమవతి మేడం నా ముందు ఆగింది. “ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఈ పూలే ప్లాస్టిక్‌వి. ఎవరిని మోసం చేద్దామని?”

చక్రధరం నా మీదికి దూకాడు. “ఇప్పుడే పీకేస్తాను మేడం!” అంటూ చెయ్యి పెట్టాడు. నా ముల్లు దిగింది. కెవ్వుమన్నాడు. అంతలో తేనెటీగ ఒకటి వచ్చి నా పువ్వులో తల దూర్చింది.

మేడం కళ్లు చిన్నవయ్యాయి. ఒక ఆకు పట్టి లాగింది. దారంతో సహా ఊడొచ్చింది.

“ఇదేంటి?”

సోమన్న ఒక అడుగు ముందుకొచ్చాడు. “సలికి వణికిపోతందమ్మా. కోటు తొడిగీసినాను.”

ఇక ఇద్దరం అయిపోయామనుకున్నాను. మేడం మాత్రం డైరీ తీసింది. “చూశారా చక్రధరం? మొక్కకు చలి వేస్తుందని ఈయనకు తట్టింది. మీకు తట్టిందా? ఈ పద్ధతి అన్ని తోటల్లోనూ పెట్టించండి. నేర్పడానికి ఈయనే ఉండాలి.”

ఇప్పుడు ఏటా చలికాలం నాకు అధికారికంగా ఆకులు కడతారు. మార్చిలో విప్పాలని ఉత్తర్వు. సరిగ్గా అప్పుడే నా సొంత ఆకులు వస్తాయి. చక్రధరం స్వయంగా కత్తెర పట్టుకుని వచ్చి, ఆ సొంత ఆకుల్నే తిప్పి తిప్పి చూస్తాడు.

“దారం కనబడకుండా ఎలా కట్టావయ్యా?”

“పదహారేళ్లు దాటిన అనుభవం బాబూ,” అంటాడు సోమన్న, నాకు నీళ్లు పోస్తూ.