వాళ్ళమ్మగారికి చెప్పండి

కూతురి తెల్లచొక్కా అయిపోయింది, భర్త చొక్కా అయిపోయింది. ఇంక తన బట్టలు బల్ల మీద పరిచి, చేత్తో నీళ్ళు చిలకరించి, ఇస్త్రీపెట్టె ఎత్తబోతుంటే భర్త వెనకగా వచ్చి నిలబడ్డాడు.

"అవెందుకిప్పుడు? కాలేజీ ఇంటర్వ్యూకి అక్క వస్తుందిలే."

అక్క కూడా తోడొస్తోంది కాబోలు అనుకుంది ఆమె. ఆడపడుచు పెద్ద ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసిన మనిషి, పక్కనుంటే ధైర్యమే. మంచిదేగా, నలుగురం వెళ్దాం అంది. నలుగురం కాదన్నాడతను. లోపలికి తల్లినీ తండ్రినీ పిల్లనీ ముగ్గురినే పిలుస్తారట.

"నువ్వు కూర్చోవాల్సిన కుర్చీలో అక్క కూర్చుంటుంది. అక్కడంతా ఇంగ్లీషు. నీవల్ల కాదు."

టీలో పంచదార తగ్గించు అన్నంత మామూలుగా అన్నాడు ఆ మాట. అని, చొక్కా తీసుకుని కాలరు సరిగ్గా అణిగిందో లేదో చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇస్త్రీపెట్టె చేతిలోనే ఉంది. వేడి మొహానికి కొడుతోంది. ఆమె కూతురి వైపు చూసింది. ఇంత మాట తండ్రి అంటే పిల్ల ఊరుకోదనుకుంది. ఈ ఏడాదంతా ఆ పిల్లా తనూ ఒకే మనిషిలా తిరిగారు మరి. ఏ కాలేజీకి దరఖాస్తు ఎప్పటిలోగా పంపాలో గుర్తుపెట్టుకుని వంటింట్లోంచి కేకేసి చెప్పింది తను. సర్టిఫికెట్ల మీద సంతకాల కోసం ఆఫీసుల వరండాల్లో నిలబడింది తను. ఫోటోలో చెవులు కనబడటం లేదు, ఇది వెనక్కి కొట్టేస్తారు అని పట్టుబట్టి మళ్ళీ తీయించింది కూడా తనే. సరిగ్గా పంపే బటన్ నొక్కే వేళకి కరెంటు పోతుందని, పంపినవి మధ్యలో ఎక్కడో పడిపోతాయని, పడకపోయినా అవతలివాడు చూడకుండా పక్కన పెడతాడని ఆమెకి ఒకటే గుబులు. "భయపడటంలో డిగ్రీ ఇస్తే నీకే ఫస్టు ర్యాంకు అమ్మా" అని పిల్ల నవ్వేది. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే వెళ్ళి ఇంటర్‌నెట్ డబ్బాలో ఎర్రలైటు వెలుగుతోందేమో చూసి వచ్చేది.

ఆ పిల్ల ఇప్పుడు ఫోన్లోంచి తల ఎత్తింది.

"ఒక్క రోజేగా అమ్మా. నువ్వు వస్తే నీకే కంగారు. నిన్ను చూస్తే నాకూ కంగారొస్తుంది."

మెత్తగానే అంది. మెత్తగా అంది కాబట్టే లోపలిదాకా దిగింది. భర్త మాటలు ఆమెకి అలవాటు. స్కూల్లో తల్లిదండ్రుల్ని పిలిచినప్పుడల్లా గేటు దగ్గరే చెప్పేవాడు, నువ్వు నోరు తెరవకు, నేను చూసుకుంటాను అని. ఆమె తెరిచేది కాదు. తమాషా ఏమిటంటే ఆమె ఉద్యోగమే జనం చేత నోరు తెరిపించడం. పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. లేత ఆకుపచ్చ కోటు వేసుకుని, ఉమ్ము పీల్చే గొట్టం పట్టుకుని, "నోరు తెరవండి, నొప్పేం ఉండదు" అని పొద్దుటినుంచీ అంటూనే ఉంటుంది. కుర్చీలో కూర్చున్నది నాలుగేళ్ళ పిల్లాడైనా సరే అండీ అనే పిలవాలని డాక్టరుగారి పద్ధతి. అక్కడ అందరినీ అండీ అని ఇంటికొస్తుంది. ఇంట్లో ఆమెని పట్టుకుని అండీ అన్నవాళ్ళు ఇంతవరకు లేరు.

తన బట్టలు తడిగానే మడిచి లోపల పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది. జుట్టుకి కొత్తగా రంగు వేయించుకుంది, వయసు తగ్గి కనబడాలి కదా. సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, "చెప్పవే, నీ కూతురి గురించి. ఇలాంటివి తల్లినే అడుగుతారట," అంది. చెడ్డ మనిషేం కాదు. పిల్లలు లేరు. ఈ పిల్లంటే ప్రాణం. మాట సాయానికి పిలిస్తే ఎప్పుడూ కాదనలేదు, ఇప్పుడూ అలాగే వచ్చింది.

ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు. తెలిసినదాన్ని ఎవరికైనా నేర్పడం అలవాటు లేదు. మొదట పేరు చెప్పింది. అందరూ పిలిచే పేరు కాదు, తను పిలిచేది. పిచ్చుక. పళ్ళెం ముందు కూర్చుని పిచ్చుకలాగా నాలుగు గింజలు ఏరుకుని లేచిపోతుంది కాబట్టి పిచ్చుక. ఎడమ చెవి కింద చెయ్యి పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టదు. చిన్నప్పుడు జ్వరంలో కళ్ళు తేలేస్తే చెప్పులు కూడా లేకుండా ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది, ఆ రోడ్డు మీద కంకర ఎలా గుచ్చుకుందో ఇప్పటికీ అరికాళ్ళకి తెలుసు. మనసు బాగాలేకపోతే ఏడవదు. బల్ల సర్దుకుంటుంది. సర్దిన బల్లే మళ్ళీ సర్దుతుంటే ఏదో అయిందని అర్థం. పళ్ళ వంకర సరిచేయడానికి బిగించిన తీగలు తీసేశారు కానీ రాత్రిపూట ప్లాస్టిక్ క్లిప్పు పెట్టుకోవాల్సిందే.

"పెట్టుకోకపోతే ఏమవుతుందే?"

"పళ్ళకి పాత చోటు గుర్తుంటుంది వదినా. పట్టించుకోకపోతే అక్కడికే పోతాయి."

ఆడపడుచు కళ్ళు మూసుకుని అన్నీ అప్పజెప్పుకుంది. ఏ చెవి అన్నావు, ఎడమేగా అని మళ్ళీ అడిగింది. కూరలవాడు పాత బాకీ గుర్తు చేసుకుంటున్నట్టుందని ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతు దాటకుండానే ఆగిపోయింది. తనకున్నవన్నీ ఒక్కొక్కటే తీసి ఎదుటి మనిషి ఒళ్ళో పెడుతున్నట్టుంది. పెట్టాక తన చేతిలో ఏం మిగులుతుందో తెలియడం లేదు.

చివరికి ఆడపడుచు అడిగింది, పిల్ల హాస్టల్‌కి వెళ్ళిపోతే నీకు దేనికి కష్టమనిపిస్తుంది అని. అది కూడా అడుగుతారట.

"అది బెల్లు కొట్టడం నేనెప్పుడూ వినలేదు వదినా. మెట్ల మీద ఉండగానే అడుగుల చప్పుడు పట్టి తలుపు తీసేస్తాను. ఇకనుంచి ఎవరొచ్చినా బెల్లు కొట్టే వస్తారు."

ఆడపడుచు సోఫా మీంచి కాళ్ళు కిందికి దింపింది.

ఇంటర్వ్యూ రోజు వచ్చేలోపల ఆమెకి నిద్ర లేదు, తిండి లేదు. దొంగతల్లి అని పట్టుకుంటారు. ముగ్గురినీ స్టేషన్‌లో కూర్చోబెడతారు. ఇంక ఏ కాలేజీవాళ్ళూ పిల్ల మొహం చూడరు. దొరికిపోతే ఎలా అని భర్తని అడిగింది. నువ్వు నోరు తెరవకపోతే ఎవరు పట్టుకుంటారు అన్నాడు. ఇంటర్వ్యూ రోజు ఆమె క్లినిక్‌కే వెళ్ళింది. గొట్టం ఎవరి చెంపకో తగిలింది, డాక్టరుగారు కళ్ళతోనే మందలించారు. ఆ టైములో అక్కడ ఒక గదిలో మూడు కుర్చీలు నిండిపోయి ఉంటాయని, తను లేని లోటు ఎవరికీ కనబడి ఉండదని అనుకుంటే ఎదుట కూర్చున్న మనిషి పళ్ళు మసకబారాయి.

సాయంత్రం ముగ్గురూ నవ్వుకుంటూ వచ్చారు. మెట్ల మీద ఉండగానే ఆమె తలుపు తీసింది.

"అత్త ఎంత బాగా చెప్పిందో అమ్మా," అని చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది పిల్ల. "నేను వెళ్ళిపోతే ఏం కష్టం అంటే బెల్లు మాట చెప్పింది. నేను మెట్లెక్కుతుంటేనే తలుపు తీస్తానని, ఇకనుంచి అందరూ బెల్లు కొట్టే వస్తారని. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. అక్కడొకావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అత్తకి అసలు ఎలా తోచిందో ఆ మాట."

ఆడపడుచు నేల చూపులు చూసింది. చెబుతుందేమోనని ఆమె ఒక్క క్షణం ఆగింది. తలుపు గొళ్ళెం మీద ఇంకా తన చెయ్యే ఉంది. పిల్లకి ఆ చెయ్యి కనబడలేదు.

"టీ పెడతాను," అని లోపలికి వెళ్ళింది.

సీటు వచ్చింది. ఆమె సంతోషపడింది, అబద్ధమెందుకు. పడ్డాక మళ్ళీ భయాలు. హాస్టల్ కిటికీలకి ఊచలున్నాయో లేదో. పక్క మంచం పిల్ల ఎలాంటిదో. తువ్వాళ్ళ మీద పేరు కుట్టింది, బకెట్టు మీద రంగుతో గుర్తు పెట్టింది, మందులు దేనికి ఏదో చదివి వినిపించి మూట కట్టింది. చేర్పించే రోజుకి క్లినిక్‌లో సెలవు కూడా అడిగింది.

"నువ్వెలా వస్తావు?" అన్నాడు భర్త. విసుక్కోలేదు. నిజంగానే ఆమె ఇంతవరకు ఆలోచించలేదా అన్నట్టు చూశాడు. "అక్కడ తల్లంటే అక్కే. అదే ఆఫీసు, అదే వార్డెను. చూడ్డానికి వచ్చేవాళ్ళ ఫోటోలు కూడా ఇచ్చేశాం, నాదీ అక్కదీ."

జరగకూడనివన్నీ ముందే ఊహించుకుని పడుకునే మనిషి ఆమె. కరెంటు దగ్గర్నుంచి పోలీసులదాకా ఒక్కటి వదల్లేదు. ఇది మాత్రం తట్టలేదు. ఒక్క రోజు కోసం లేచి ఇచ్చిన కుర్చీ పిల్ల చదువయ్యేదాకా తనది కాదని తట్టలేదు. పిల్లకి జ్వరమొస్తే ఫోను ఆడపడుచుకి వెళ్తుంది. పిల్లకి బహుమతి వస్తే ముందు వరసలో ఆడపడుచు కూర్చుంటుంది.

"ఎప్పుడైనా రావచ్చులే అమ్మా," అంది పిల్ల పెట్టె మూస్తూ. "పెద్దమ్మ అని చెప్తాను. ఎవరడుగుతారు?"

పిల్ల బల్ల అంతా ఖాళీగా, తుడిచినట్టుగా ఉంది. ఆమె అది చూసింది.

వాళ్ళు పిల్లని హాస్టల్లో దింపి వచ్చిన కొన్నాళ్ళకి బాత్రూమ్ అద్దం వెనక గులాబీరంగు డబ్బా కనబడింది. క్లిప్పు. పెట్టుకోకుండా ఇన్ని రాత్రులు పడుకుందన్నమాట. కొరియర్‌లో పడేస్తాలే అన్నాడు భర్త. దారిలో విరిగితే? పంపినా, బిగుసుకుపోయి పట్టకపోతే పిల్ల విసుగొచ్చి మూలన పడేస్తే? డాక్టరుగారిని అడిగింది. కొన్ని రోజులు వదిలేశారు కాబట్టి నువ్వే దగ్గరుండి మెల్లగా నొక్కి పెట్టి చూడు అని, చేతితొడుగుల జత ఇచ్చారాయన. తొడుగులతో పాటు కోటు కూడా సంచిలో పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో అప్పటికి ఆమెకే తెలియదు.

బస్సులో దారి పొడుగునా పెదాలు కదుపుతూ వచ్చింది. పెద్దమ్మనండి. ఆ అమ్మాయికి పెద్దమ్మనండి. పక్క సీటు ముసలాయన జపం చేసుకుంటోందనుకుని కిటికీ వైపు జరిగి చోటిచ్చాడు.

హాస్టల్ ముందుగదిలో ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, లోపలికి మెట్లు, మెట్ల దగ్గర మూసిన తలుపు. వార్డెను పిల్ల పేరు రాసుకుని తల ఎత్తింది.

"మీరు ఆ అమ్మాయికి ఏమవుతారండీ?"

పెద్దమ్మ అన్న మాట నాలుక దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. కన్నకూతుర్ని పట్టుకుని చెల్లెలి బిడ్డ అనడానికి ఎంత తోసినా బయటికి రాలేదు. అమ్మని అనేస్తే పిల్ల సీటు పోతుంది. ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి కోటు తగిలింది.

"పళ్ళ డాక్టరుగారి దగ్గర్నుంచి వచ్చానండీ. క్లిప్పు పెట్టి చూడాలి," అంది. కోటు తొడుక్కుని గుండీలు పెట్టుకుంది.

పైనించి అడుగుల చప్పుడు. ఎవరి అడుగులో ఆమెకి చెప్పక్కర్లేదు. తలుపు తియ్యడానికి సగం లేచి, మళ్ళీ కూర్చుంది. తలుపు పిల్లే తీసుకుంది.

సన్నబడింది. ఆమెని చూసి పెదాలు విడివడ్డాయి, మొదటి అక్షరం గాలిలోకి రాబోయింది. కళ్ళు వార్డెను వైపు తిరిగాయి. పెదాలు మూసుకుపోయాయి.

ఆ మూసుకోవడం ఆమె చూసింది. పిల్లని తప్పుపట్టలేదు. తొడుగులు వేసుకుంది.

"కూర్చోండి," అంది తన పిచ్చుకతో. "నోరు తెరవండి."

పిల్ల కూర్చుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచింది. ముందుపన్ను ఒకటి అప్పుడే కాస్త పక్కకి ఒరిగింది. ఆమె క్లిప్పు పెట్టి, బొటనవేళ్ళతో అటూ ఇటూ మెల్లగా నొక్కింది. పిల్ల కంట్లోంచి నీళ్ళు జారి ఎడమ చెవిలోకి పోతున్నాయి. తుడిచే వీలు ఆమెకి లేదు, రెండు చేతులూ నోట్లో ఉన్నాయి.

"నొప్పేం ఉండదండీ. వదిలేసి రోజులైంది కదా, బిగుతుగా ఉంటుంది అంతే."

"బాగా నొప్పెడుతున్నట్టుంది పాపం," అంది వార్డెను. తర్వాత గొంతు తగ్గించి, "అసలీ పిల్ల సరిగ్గా తినడం లేదండీ. ఎప్పుడు చూసినా బల్ల సర్దుతూనే ఉంటుంది. మీకు వాళ్ళిల్లు తెలిసే ఉంటుందిగా, వాళ్ళమ్మగారికి కాస్త చెప్పండి."

"చెప్తానండీ."

తొడుగులు తీసింది. కోటు విప్పి, మడత మీద మడత పెట్టి, సంచిలో సర్దింది. పిల్ల చెయ్యి ఆ సంచి పట్టీ అంచు పట్టుకుని ఉంది. ఆ వేళ్ళని మెల్లగా విడిపించి, వార్డెను వైపే చూస్తూ ఆమె చెప్పింది.

"దీన్ని నెలనెలా చూసుకోకపోతే పళ్ళు పాత చోటికి పోతాయండీ. వాళ్ళమ్మగారికి వీలున్నా లేకపోయినా, నేను వస్తాను."